మే ఎండల్లోనూ నిలకడగా నడిచే గేమింగ్ ల్యాప్‌టాప్

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ రోజుల్లో రామగుండంలోనో రెంటచింతలలోనో ఏసీ లేని గదిలో గేమ్ ఆడితే ముందు పడిపోయేది ఫ్రేమ్‌రేటు, అంటే సెకనుకు తెర మీదికి వచ్చే బొమ్మల సంఖ్య. గదిలో 25 డిగ్రీలున్నప్పుడు ఒక గేమ్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) 74 దగ్గర నిలబడుతోందనుకోండి. అదే గేమ్, అవే సెట్టింగులు, గది మాత్రం 39కి చేరితే జీపీయూ 88 వైపు పరుగెడుతుంది. ఫ్యాను చిప్ మీదికి తోసేది గదిలోని గాలినే కదా. ఎన్విడియా ల్యాప్‌టాప్ చిప్‌లు ఎక్కువగా 87 డిగ్రీల దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. మాన్యువల్ వెనక పేజీల్లో చూస్తే, చాలా కంపెనీలు తమ ల్యాప్‌టాప్ వాడాల్సిన గది ఉష్ణోగ్రతను 35 డిగ్రీల వరకే రాసి ఉంటాయి.

అందుకే మన ఊళ్ళల్లో గేమింగ్ ల్యాప్‌టాప్ విషయంలో అడగాల్సింది మొదటి నిమిషంలో ఎంత వేగం అని కాదు, నలభయ్యో నిమిషంలో ఎంత వేగం అని. కొనడం, సెట్ చేయడం, దుమ్ము దులపడం అన్నీ ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

కొనేటప్పుడు పేరుతోపాటు వాట్లు చూడాలి

ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4060 జీపీయూ అని రాసి ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లు ఒకే రకంగా నడవాలని లేదు. ల్యాప్‌టాప్‌లో వాడే 4060కి ఎన్విడియా 35 నుంచి 115 వాట్ల వరకు విద్యుత్ పరిమితి ఇచ్చింది. ఆ మధ్యలో ఎంత ఇవ్వాలనేది ల్యాప్‌టాప్ కంపెనీ ఇష్టం. దాని మీద, ప్రాసెసర్ వాడని వాట్లను జీపీయూకు మళ్ళించే డైనమిక్ బూస్ట్ కలిపి కొన్ని మోడళ్లలో 140 వాట్లు అని రాస్తారు. జీపీయూకు ఇచ్చే ఈ విద్యుత్ పరిమితినే టీజీపీ అంటారు. షోరూములో అడిగితే చాలామందికి తెలియదు, కాబట్టి కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ నంబరు పూర్తిగా కొట్టి, స్పెసిఫికేషన్ పేజీలో చూసుకోండి. మోడల్ నంబరు చివరి రెండు మూడు అక్షరాలు మారితే డిస్‌ప్లే, ర్యామ్, ఒక్కోసారి టీజీపీ కూడా మారిపోతాయి.

ఇంకో మాట. 4060 విషయంలో 100 వాట్లు దాటాక వచ్చే లాభం చాలా స్వల్పం. చిప్ అప్పటికే వోల్టేజీ హద్దుకు చేరిపోతుంది. కాబట్టి 60 వాట్ల సన్నటి ల్యాప్‌టాప్‌ను వదిలేయడం సబబే కానీ, 115కీ 140కీ మధ్య తేడా కోసం అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు. ఆ డబ్బుతో మెరుగైన కూలింగ్ ఉన్న మోడల్ తీసుకోండి.

వీడియో మెమరీని మాత్రం తర్వాత పెంచుకోలేం. ల్యాప్‌టాప్ 4050లో 6 జీబీ, 4060, 4070, 5060, 5070లలో 8 జీబీ, 5070 టీఐలో 12 జీబీ, 5080లో 16 జీబీ ఉంటాయి. 4060 నుంచి 4070కి, లేదా 5060 నుంచి 5070కి వెళితే వేగం పెరుగుతుంది గానీ మెమరీ పెరగదని గమనించండి. కొత్త పెద్ద గేముల్లో టెక్స్చర్లు అల్ట్రాలో పెడితే 8 జీబీ నిండిపోతుంది. అప్పుడు సగటు ఫ్రేమ్‌రేటు బాగానే కనిపిస్తుంది, ఆట మాత్రం ఉండుండి జెర్క్ కొడుతుంది. నాలుగైదేళ్ళు వాడాలనుకుంటూ 2560×1600 స్క్రీన్ కోరుకునేవాళ్ళు 12 జీబీకి వెళ్ళడమే మేలు. ఫుల్ హెచ్‌డీ స్క్రీన్‌కు 8 జీబీ, టెక్స్చర్లు హైలో పెట్టుకుంటే సరిపోతుంది.

స్క్రీన్ దగ్గర ఒక మోసపోయే చోటు ఉంది. 144 హెర్ట్జ్ అని పెద్దక్షరాల్లో రాసి, పక్కన చిన్నగా "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని రాస్తారు. అలాంటి తెర రంగులు వెలిసిపోయినట్టు ఉంటాయి. 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ రంగులు, కనీసం 300 నిట్స్ వెలుతురు ఉన్నదే తీసుకోండి. మక్స్ స్విచ్ ఉందో లేదో కూడా చూడండి. అది లేకపోతే జీపీయూ తయారుచేసిన ప్రతి ఫ్రేమూ ప్రాసెసర్‌లోని ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ గుండా వెళ్ళి తెర మీదికి వస్తుంది, వేగం కొంత అక్కడ పోతుంది.

బరువు విషయంలో నిక్కచ్చిగా ఉండండి. రెండు కిలోల లోపు ల్యాప్‌టాప్‌లో మంచి జీపీయూ పెట్టొచ్చు. కానీ రాగి పైపులకు, వేడిని గాలికి వదిలే ఫిన్లకు (పలుచటి రేకులకు) చోటు ఎక్కడినుంచి వస్తుంది? 2.3 నుంచి 2.6 కిలోల మధ్యవే ఎండాకాలం ఎక్కువ నిలకడగా ఉంటాయి. వెనకవైపు, పక్కల నుంచి వేడిగాలి బయటికి పోయేవి మంచివి. గాలి మడత దగ్గరి నుంచి నేరుగా తెర కింది అంచుకు కొట్టే డిజైన్లు అంత మంచివి కావు.

వారంటీ అడిగేటప్పుడు ఆన్‌సైట్ అన్న ఒక్క మాటతో ఆగకండి. మీ ఊరి పిన్‌కోడ్‌కు ఇంజనీరు ఇంటికొస్తాడా, లేక హైదరాబాదో విజయవాడో మోసుకెళ్ళాలా అనేది కస్టమర్‌కేర్‌కు ఫోన్ చేసి తేల్చుకోండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలాంటి చోట కొంటే ధర కొంచెం మాట్లాడుకోవచ్చు, పెట్టె కళ్ళముందే తెరిపించుకోవచ్చు. ఆన్‌లైన్‌లో కొంటే పెట్టె సీలు తీసే దగ్గర నుంచి ఆన్ అయ్యేదాకా ఆపకుండా వీడియో తీసుకోండి. రిటర్న్ గడువు కొద్ది రోజులే ఉంటుంది, అది కూడా చాలాసార్లు మార్పిడికే.

పెట్టె తెరిచిన రోజు

సీరియల్ నంబరు మూడు చోట్ల కలవాలి: పెట్టె మీద, ల్యాప్‌టాప్ అడుగున, బిల్లులో. దాన్ని కంపెనీ సైట్‌లో కొట్టి వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందో చూడండి. మీరు కొనక ముందే ఆర్నెల్లు గడిచిపోయినట్టు చూపిస్తే బిల్లు అప్‌లోడ్ చేసి తేదీ సరిచేయించుకోవచ్చు. ఆలస్యం చేయకండి.

తర్వాత బ్యాటరీ రిపోర్టు తీయండి. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కలిపి రాస్తే (powercfg /batteryreport) ఒక ఫైలు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ పక్కపక్కనే ఉంటాయి. కొత్తదానిలో రెండూ దాదాపు సమానంగా ఉండాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో ఎస్ఎస్‌డీ ఎన్ని గంటలు నడిచిందో తెలుస్తుంది. కొత్తదంటూ అమ్మినదానిలో వందల గంటలు కనిపిస్తే అది ఎవరో వాడి వెనక్కిచ్చినది.

ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో హెల్ప్, దానిలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే మాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్ కనిపిస్తుంది. వెబ్‌సైట్‌లో చెప్పినదే ఉందో లేదో అక్కడ సరిచూసుకోండి. డెడ్ పిక్సెళ్ళ కోసం నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు తెరనిండా పెట్టి చూడండి. నల్ల తెరను చీకటి గదిలో చూస్తేనే అంచుల నుంచి కారే వెలుతురు బయటపడుతుంది.

చివరగా వేడి పరీక్ష. ఉష్ణోగ్రతలూ వాట్లూ చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి పెట్టుకుని, ప్రాసెసర్‌కు భారం పెట్టే సినీబెంచ్ ఆర్23ని పది నిమిషాలు తిప్పండి. ఆ తర్వాత మీ దగ్గరున్న బరువైన గేమ్‌ను నలభై నిమిషాలు ఆడండి. ఫర్‌మార్క్ అనే జీపీయూ పరీక్షలో వచ్చే వేడి చూసి భయపడక్కర్లేదు, అలాంటి భారం ఏ గేమూ పెట్టదు. ప్రాసెసర్ అప్పుడప్పుడు 95 తాకడం ఈ ల్యాప్‌టాప్‌లలో మామూలే. ఆందోళన పడాల్సింది వేరే ఉంది: ప్రాసెసర్ కోర్ల మధ్య 15 డిగ్రీలకు మించి తేడా, లేదా జీపీయూ ఉష్ణోగ్రతకూ హాట్‌స్పాట్‌కూ (చిప్‌లో అన్నిటికంటే వేడి చోటుకూ) మధ్య 20కి మించి తేడా. చిప్ వేడిని లాగే హీట్‌సింక్ సరిగ్గా కూర్చోలేదనడానికి అవి గుర్తులు. (5060, 5070 లాంటి 50 సిరీస్ కార్డులు హాట్‌స్పాట్ చూపించవు.) అలా ఉంటే చిప్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య పూసే పేస్ట్ మార్చుకుందాంలే అనుకోకుండా గడువులోనే మార్పిడి అడగండి.

కరెంటు సంగతి

ల్యాప్‌టాప్ పైభాగం లోహంతో ఉండి, ఛార్జింగ్‌లో పెట్టినప్పుడు చెయ్యి ఆనిస్తే జివ్వుమంటోందా? దోషం చాలావరకు ల్యాప్‌టాప్‌ది కాదు, గోడది. అడాప్టర్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి కొద్దిపాటి లీకేజీ కరెంటు ఎర్త్ వైరు గుండా భూమిలోకి పోవాలి. ఎర్తింగ్ లేని సాకెట్‌లోనో, మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నులుగా మార్చే ముక్క పెట్టినప్పుడో అది పోయే దారి లేక బాడీ మీద నిలబడుతుంది. హెడ్‌ఫోన్స్‌లో సన్నగా జుయ్‌మనే మోత కూడా దీనివల్లే వస్తుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మల్టీమీటర్‌తో కొలిపించండి. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య దాదాపు 230 వోల్టులు రావాలి, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు.

అడాప్టర్ 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటుంది కాబట్టి స్టెబిలైజర్ కొననక్కర్లేదు. కరెంటు పోయినా బ్యాటరీ ఉంది కనుక యూపీఎస్ కూడా తప్పనిసరి కాదు, కావాలంటే రూటర్‌కు చిన్నది పెట్టుకోండి. అసలు కావాల్సింది ఒక్కసారిగా ఎగసే వోల్టేజీని ఆపే సర్జ్ ప్రొటెక్టర్. స్పైక్ గార్డ్ అని చౌకగా అమ్మేవాటిలో కొన్ని ఒట్టి ఎక్స్‌టెన్షన్ బాక్సులే. పెట్టె మీద ఎన్ని జౌల్స్ అనేది రాసి, రక్షణ పనిచేస్తోందని చూపే దీపం ఉన్నది తీసుకోండి. లోపలి భాగం సర్జ్‌లు తినీ తినీ అరిగిపోతుంది. ఆ దీపం ఆరితే పెట్టె మార్చాల్సిందే. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అది సైన్ వేవ్‌దై ఉండాలి. స్క్వేర్ వేవ్ మీద పెద్ద అడాప్టర్లు మోత పెడతాయి, వేడెక్కుతాయి.

వానాకాలం ఉరుములు మొదలైతే ప్లగ్గు ఒక్కటే కాదు, ల్యాన్ కేబుల్ కూడా పీకండి. ఇంటి మీదుగా వచ్చే రాగి కేబుల్ వెంట పిడుగు ప్రభావం నేరుగా మదర్‌బోర్డులోకి వచ్చేస్తుంది. ఫైబర్ కనెక్షన్ అయినా రూటర్ నుంచి ల్యాప్‌టాప్‌కు వచ్చేది రాగే.

మొదటి సెట్టింగులు

అన్నింటికంటే ముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) రికవరీ కీ. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కాగానే డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. ఎప్పుడో బయోస్ (మదర్‌బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తారు, రీస్టార్ట్ కాగానే నీలం తెర మీద 48 అంకెల కీ అడుగుతుంది. అది లేకపోతే డేటా మొత్తం పోయినట్టే. మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో కీ చూసి, కాగితం మీద రాసి, బిల్లుతోపాటు దాచండి. బయోస్ అప్‌డేట్ చేసే ముందు ఎన్‌క్రిప్షన్‌ను తాత్కాలికంగా సస్పెండ్ చేయండి. ఛార్జర్ పెట్టి ఉంచండి, మధ్యలో పవర్ బటన్ ముట్టకండి.

తర్వాత విండోస్ అప్‌డేట్లు, కంపెనీ సైట్ నుంచి చిప్‌సెట్ డ్రైవర్లు, ఎన్విడియా డ్రైవర్, ఈ వరుసలో. యాంటీవైరస్ ట్రయల్ ఉంటే తీసేయండి, విండోస్ డిఫెండర్ చాలు. కంపెనీ కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌ను మాత్రం ఉంచుకోండి. లెనోవో వాంటేజ్, ఆసుస్ ఆర్మరీ క్రేట్, ఏసర్ నైట్రోసెన్స్, హెచ్‌పీ ఒమెన్ గేమింగ్ హబ్ లాంటివే ఫ్యాన్లనూ వాట్లనూ నడిపేవి. ఆసుస్‌లో ఆర్మరీ క్రేట్ బరువనిపిస్తే జీ-హెల్పర్ అనే చిన్న ప్రోగ్రామ్ ఆ పనులే చేస్తుంది. లెనోవో లీజియన్, ఎల్‌ఓక్యూలలో ఎఫ్ఎన్, క్యూ కలిపి నొక్కితే మోడ్ మారుతుంది. ఆసుస్‌లో ఎఫ్ఎన్, ఎఫ్5. చాలామంది గేమ్ నెమ్మదిగా ఉందని ఫిర్యాదు చేసేటప్పుడు ల్యాప్‌టాప్ క్వైట్ మోడ్‌లోనే ఉంటుంది.

విండోస్‌లోని మెమరీ ఇంటిగ్రిటీ అనే భద్రతా సెట్టింగును ఆఫ్ చేస్తే ఫ్రేములు పెరుగుతాయని చాలాచోట్ల చెబుతారు. కొంచెం పెరిగే మాట నిజమే. అయినా దాన్ని ఆన్‌లోనే ఉంచండి. అదే ల్యాప్‌టాప్‌లో బ్యాంకు పనులు కూడా చేస్తారు కదా. సెక్యూర్ బూట్, టీపీఎం అనే భద్రతా అమరికలను కూడా ఆపకండి. విండోస్ 11లో వాలరెంట్ యాంటీచీట్ ఆ రెండూ ఉంటేనే ఆడనిస్తుంది.

మూత మూసి బ్యాగులో పెట్టిన ల్యాప్‌టాప్ గంట తర్వాత కాలిపోతూ ఉండటం చాలామందికి అనుభవమే. కొత్త ల్యాప్‌టాప్‌లలో స్లీప్ అంటే పూర్తి నిద్ర కాదు, లోపల అప్‌డేట్ల పని నడుస్తూనే ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్ళి, మూత మూసినప్పుడు హైబర్నేట్ అయ్యేలా పెట్టండి.

వేడి తగ్గించే పని, వరుసగా

ఇక్కడ తొందరపడకుండా ఒక్కో మార్పు చేసి, హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో కొలిచి, అప్పుడు రెండోదానికి వెళ్ళండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు.

మొదటిది ఖర్చు లేనిది. ల్యాప్‌టాప్ వెనక భాగాన్ని రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తండి. గాలి లోపలికి పోయేది అడుగు నుంచి. రబ్బరు కాళ్ళ ఎత్తు సరిపోదు. రెండు వాటర్ బాటిల్ మూతలు వెనక మూలల కింద పెట్టినా కొన్ని డిగ్రీలు తగ్గుతాయి. మంచం మీద, దుప్పటి మీద పెట్టి ఆడితే ఇక ఏ సెట్టింగూ కాపాడలేదు. కూలింగ్ ప్యాడ్ కొనదలిస్తే, చుట్టూ ఫోమ్ అంచు ఉండి ల్యాప్‌టాప్ అడుగుకు గట్టిగా అతుక్కునేది కొనండి. గాలి పక్కలకు పోకుండా జల్లెడ రంధ్రాల్లోకే దూరుతుంది. ఆరు చిన్న ఫ్యాన్లు, రంగుల లైట్లు ఉన్న సాధారణ ప్యాడ్లు స్టాండ్ కంటే పెద్దగా ఏమీ చేయవు.

రెండోది ఫ్రేమ్ క్యాప్. కథ ప్రధానమైన గేమ్‌కు 140 ఫ్రేములు అవసరం లేదు. ఎన్విడియా యాప్‌లో ఆ గేమ్‌కు మాగ్జిమమ్ ఫ్రేమ్‌రేటు 75 లేదా 90కి కట్టేయండి. జీపీయూ చేయనక్కర్లేని పని చేయడం మానేస్తుంది, వాట్లు తగ్గుతాయి, ఫ్యాను గోల తగ్గుతుంది. ఆట కూడా నున్నగా సాగుతుంది, ఎందుకంటే పైకీ కిందికీ ఊగే వేగం కంటే ఒకే తీరుగా నిలిచే వేగం కంటికి హాయి. జీపీయూ వేగానికి తగ్గట్టు రిఫ్రెష్‌రేటు మార్చుకునే జీ-సింక్ తెర అయితే రిఫ్రెష్‌రేటు కంటే మూడు నాలుగు తక్కువకు పెట్టండి.

మూడోది ప్రాసెసర్ టర్బో, అంటే అవసరమైనప్పుడు ప్రాసెసర్ తన మామూలు వేగం దాటి పరుగెత్తడం. పవర్ ప్లాన్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ను 100 నుంచి 99కి దించితే టర్బో ఆగిపోతుంది. ప్రాసెసర్ పది పదిహేను డిగ్రీలు చల్లబడటం మామూలే. జీపీయూ మీద భారం పడే గేములకు తేడా పెద్దగా తెలియదు. కానీ వాలరెంట్, కౌంటర్‌స్ట్రైక్ 2 లాంటివి ప్రాసెసర్ మీద నడుస్తాయి, వాటిలో ఫ్రేములు బాగా పడిపోతాయి. అందుకే దీన్ని ఎండాకాలపు మందుగా వాడండి, శాశ్వతంగా కాదు. కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో కస్టమ్ మోడ్ ఉంటే ఇంకా మంచి దారి ఉంది. దీర్ఘకాలిక పవర్ లిమిట్‌ను 45 నుంచి 55 వాట్ల మధ్యకు దించితే టర్బో ఉంటుంది, మంట మాత్రం ఉండదు.

నాలుగోది జీపీయూ అండర్‌వోల్ట్, అంటే చిప్‌కు ఇచ్చే వోల్టేజీ తగ్గించడం. కాస్త ఓపిక కావాలి గానీ ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. చిప్ తయారైనప్పుడు ఎంత నాసిరకం ముక్కైనా నడవాలని వోల్టేజీ కొంచెం ఎక్కువ ఇస్తారు. మీ చిప్‌కు అంత అవసరం లేకపోవచ్చు. దీనికి వాడే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రామ్ ఏ కంపెనీ ల్యాప్‌టాప్‌లోనైనా పనిచేస్తుంది.

1. కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో జీపీయూ ఓవర్‌క్లాక్ ఉంటే ఆపేయండి. కొన్ని మోడళ్లలో పర్ఫార్మెన్స్ మోడ్ తనంతట తాను ఓవర్‌క్లాక్ కలుపుతుంది, మీరు గీసిన గీత చెదిరిపోతుంది.
2. గేమ్ ఇరవై నిమిషాలు ఆడి, జీపీయూ ఏ మెగాహెర్ట్జ్ దగ్గర, ఎన్ని మిల్లీవోల్టుల దగ్గర నిలబడుతోందో రాసుకోండి.
3. కోర్ క్లాక్ స్లైడర్‌ను మైనస్ 250కి లాగి అప్లై చేయండి. కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కి వోల్టేజీ గీతను తెరవండి.
4. 900 మిల్లీవోల్టుల దగ్గరి చుక్కను పైకి లాగండి. మీరు రాసుకున్న వేగం కంటే 100 మెగాహెర్ట్జ్ తక్కువ దగ్గర మొదలుపెట్టండి. అప్లై చేస్తే దాని కుడివైపు గీత బల్లపరుపు కావాలి.
5. రే ట్రేసింగ్ ఉన్న గేమ్ అరగంట ఆడండి. గేమ్ మూసుకుపోతే, డ్రైవర్ రీసెట్ అయితే 15 మెగాహెర్ట్జ్ చొప్పున దించండి. నిలబడితే అలాగే 15 చొప్పున పెంచి చూడవచ్చు.

వారం రోజులు ఏ ఇబ్బందీ లేకుండా నడిచాకే విండోస్‌తోపాటు అప్లై అయ్యే గుర్తు నొక్కండి. ముందే నొక్కితే లాగిన్ కాగానే క్రాష్ అయ్యే ప్రమాదం ఉంది. ప్రాసెసర్ అండర్‌వోల్ట్ మాత్రం అందరికీ కుదరదు. 2019లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఆ తలుపు మూసేశారు. కొన్ని ఇంటెల్ హెచ్ఎక్స్ ప్రాసెసర్లలో, కొన్ని రైజెన్ మోడళ్లలో బయోస్‌లోనే సెట్టింగు ఉంటుంది. థ్రాటిల్‌స్టాప్ అనే ప్రోగ్రామ్‌లో అది తాళం వేసి కనిపిస్తే వదిలేయండి, మార్చిన బయోస్‌లు ఎక్కించే సాహసం వద్దు.

ర్యామ్, ఎస్ఎస్‌డీ

ధర తగ్గించడానికి చాలా ల్యాప్‌టాప్‌లు ఒకే ర్యామ్ స్టిక్‌తో వస్తాయి. రెండో స్లాట్ ఖాళీగా ఉంటే మెమరీ దారి సగమే తెరిచినట్టు. దాని దెబ్బ ముఖ్యంగా గేమ్‌లో మధ్యమధ్య వచ్చే కుదుపుల్లో కనిపిస్తుంది. డీడీఆర్5లో రెండు 8 జీబీల కంటే రెండు 16 జీబీలు మేలు. ఎందుకంటే 8 జీబీ స్టిక్‌లలో వాడే చిప్‌ల అమరిక వేగాన్ని కొంత తగ్గిస్తుంది.

పెట్టేటప్పుడు షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేయండి, ఛార్జర్ తీయండి, అడుగు మూత తెరిచాక బ్యాటరీ కనెక్టర్ విప్పి, పవర్ బటన్ 15 సెకన్లు నొక్కండి. స్క్రూలు పొడవులో తేడా ఉంటాయి కనుక ఏ రంధ్రానిది ఆ వరుసలోనే కాగితం మీద అమర్చుకోండి. కొత్త ర్యామ్ పెట్టాక మొదటిసారి ఆన్ చేస్తే తెర నల్లగా కొన్ని నిమిషాలు ఉండిపోవచ్చు. అది మెమరీ ట్రెయినింగ్. పాడైందని బెంబేలెత్తి మధ్యలో ఆపకండి, పది నిమిషాలు ఆగండి.

రెండో ఎస్ఎస్‌డీకి ఎమ్.2 2280 సైజు, టీఎల్‌సీ రకం, చిప్‌లు ఒకవైపే ఉన్నది ఎంచుకోండి. దళసరి హీట్‌సింక్ అతికించి వచ్చేది ల్యాప్‌టాప్‌లో పట్టదు. డ్రైవ్‌ను 85 శాతానికి మించి నింపకండి, రాసే వేగం పడిపోతుంది. మూత విప్పితే వారంటీ పోతుందా అనేది కంపెనీని బట్టి ఉంటుంది. స్క్రూ మీద సీలు స్టిక్కరు కనిపిస్తే ముందు అడిగి మెయిల్‌లో జవాబు తీసుకోండి.

బ్యాటరీ

రోజంతా ప్లగ్‌లో ఉండే ల్యాప్‌టాప్‌కు శత్రువు 100 శాతం ఛార్జ్, వేడి, రెండూ కలిసి ఉండటం. కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో 80 శాతం పరిమితి పెట్టండి. 60 ఉంటే, ఎప్పుడూ బల్ల మీదే ఉండేదైతే అదే పెట్టండి. ప్లగ్‌లో ఉండి ఆడుతున్నా బ్యాటరీ శాతం తగ్గిపోతోందంటే అడాప్టర్ ఇచ్చేదానికంటే ల్యాప్‌టాప్ ఎక్కువ లాగుతోందని అర్థం. 100 వాట్ల టైప్-సీ ఛార్జర్ పెట్టి గేమ్ ఆడితే ఇలాగే అవుతుంది. అది ప్రయాణంలో నోట్సు రాసుకోవడానికి, గేమ్‌కు కాదు. బ్యాటరీ మీద ఆడినా వేగం సగానికి సగం పడిపోతుంది, అది లోపం కాదు.

టచ్‌ప్యాడ్ ఒకవైపు లేచినట్టున్నా, నొక్కితే క్లిక్ కాకపోయినా, అడుగు మూత ఉబ్బినా బ్యాటరీ ఉబ్బిందన్నమాట. ఛార్జింగ్ వెంటనే ఆపేయండి, దాన్ని గుచ్చకండి, నొక్కకండి, సర్వీసు సెంటర్‌కే ఇవ్వండి.

దుమ్ము, పేస్ట్

ఫ్యానుకూ రాగి ఫిన్లకూ మధ్య దుమ్ము చాపలా పేరుకుంటుంది. బయటి నుంచి బ్లోయర్ కొడితే అది ఇంకా లోపలికి కుక్కుకుంటుంది. మూత తీసి, ఫ్యాను రెక్కను ఇయర్‌బడ్‌తో కదలకుండా పట్టి, మెత్తటి బ్రష్‌తో రేపి, అప్పుడు గాలి కొట్టాలి. రెక్కను వదిలేసి గాలి కొడితే అది అతివేగంగా తిరిగి బేరింగు దెబ్బతింటుంది. రోడ్డు పక్క ఇల్లయితే మూడు నెలలకోసారి, లేకపోతే ఆర్నెల్లకోసారి. అగరుబత్తి పొగ, పోపు పొగ తగిలే గదిలో దుమ్ము జిగురుగా మారి బ్రష్‌కు రాదు. ల్యాప్‌టాప్‌ను దేవుడి గూటికీ వంటింటికీ దూరంగా పెట్టుకోండి.

మామూలు థర్మల్ పేస్ట్ రెండేళ్ళకు చిప్ అంచుల్లోకి జరిగిపోతుంది, మధ్యలో పొడిబారుతుంది. మార్చేటప్పుడు హనీవెల్ పీటీఎం7950 అనే ఫేజ్ ఛేంజ్ షీట్ వాడటం మంచి నిర్ణయం. సుమారు 45 డిగ్రీల దగ్గర మెత్తబడి పరుచుకుంటుంది, పేస్ట్‌లా పక్కకు పారిపోదు. నకిలీలు విపరీతం, నమ్మకమైన చోటే కొనండి. పాత పేస్ట్‌ను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. హీట్‌సింక్ మీద 1, 2, 3, 4 అని అంకెలుంటాయి, విప్పేటప్పుడు వెనకనుంచి, బిగించేటప్పుడు ముందునుంచి, ఒక్కోటి కొంచెం కొంచెంగా. మెమరీ చిప్‌ల మీది ప్యాడ్లు చిరిగితే అదే మందం ఉన్నవే పెట్టాలి. అర మిల్లీమీటరు ఎక్కువైనా హీట్‌సింక్ లేచి చిప్‌కు తగలదు, పని మొదలుపెట్టక ముందుకంటే వేడి పెరుగుతుంది. మీ మోడల్‌లో కంపెనీయే లిక్విడ్ మెటల్ వాడిందని తెలిస్తే మీరు తెరవకండి. ఒక్క బొట్టు బోర్డు మీద పడినా షార్ట్ అవుతుంది.

అమెరికాకో, సర్వీసుకో తీసుకెళ్ళేటప్పుడు

చదువుకు విదేశం వెళ్ళేవాళ్ళు అడాప్టర్ మార్చనక్కర్లేదు. గోడకు పెట్టే కేబుల్ ఒక్కటి అక్కడి పిన్నుతో కొంటే చాలు. విమానంలో 100 వాట్-అవర్ల లోపు బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్‌కు విడిగా అనుమతి అక్కర్లేదు. చేతి సంచిలోనే పెట్టుకోండి. వారంటీ ఆ దేశంలో చెల్లుతుందో లేదో బయలుదేరక ముందే కనుక్కోండి. కొన్నిటికి అంతర్జాతీయ వారంటీ ఉంటుంది, కొన్నిటికి కొన్న దేశంలోనే.

సర్వీసు సెంటర్‌కు ఇచ్చే ముందు డేటా మొత్తం బయటి డ్రైవ్‌లోకి తీసుకోండి. ల్యాప్‌టాప్ నాలుగు వైపులా, మడతల దగ్గర ఫోటోలు తీయండి. మీ పాస్‌వర్డ్ ఇవ్వకుండా, పరీక్షించడానికి విడిగా ఒక లోకల్ అకౌంట్ చేసి ఇవ్వండి. "వేడెక్కుతోంది" అని మాత్రమే చెబితే కాసేపు ఆన్ చేసి బాగానే ఉందని తిరిగిచ్చేస్తారు. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో లాగింగ్ ఆన్ చేసి, సమస్య వచ్చేదాకా ఆడి, ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని వెళ్ళండి. జాబ్ షీట్ మీద ఏ గేమ్, ఎన్ని నిమిషాలకు, గది ఎన్ని డిగ్రీలు, జీపీయూ ఎన్ని వాట్ల నుంచి ఎన్ని వాట్లకు పడిపోయింది అన్నది అంకెలతో రాయించి, ఆ కాపీ తీసుకున్నాకే ల్యాప్‌టాప్ వాళ్ళ చేతికివ్వండి.